సగంలో మూసేసిన పుస్తకాలు

పిల్లల పుస్తకాల్లో మీకు బాగా నచ్చింది ఏదని కరీంనగర్‌లో ఏ నలుగురు తల్లిదండ్రుల్ని అడిగినా మాటలు ధారాళంగా వస్తాయి. చందమామ అంటారు, బాలమిత్ర అంటారు. విశాలాంధ్ర పుస్తకాల వ్యాన్ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి కొన్న ఇళ్లవాళ్లయితే రష్యా కథలంటారు. నచ్చనిది ఏదని అడిగితే మాత్రం గొంతు సవరించుకుంటారు. పుస్తకమంటే సరస్వతి. కాలు తగిలితే కళ్లకద్దుకునేవాళ్లం, బాగాలేదని ఎట్లా అంటాం? ఈ మొహమాటం మన బాలసాహిత్యానికి చాలా చేటు చేసిందని మా అభిప్రాయం.

కవితా సంపుటి వస్తే ఆవిష్కరణ సభ ఉంటుంది, సమీక్ష ఉంటుంది, ఆ సమీక్ష మీద వాదం ఉంటుంది. పిల్లల పుస్తకానికి దక్కేది సాధారణంగా ‘అందిన పుస్తకాలు’ జాబితాలో ఒక పంక్తి. విమర్శకుడు ఏ పుస్తకాన్నయినా ఒకసారి, మహా అయితే రెండుసార్లు చదువుతాడు. పిల్లల పుస్తకాన్ని తల్లి రోజూ రాత్రి చదవాలి, నిన్న చదివిందే మళ్లీ చదవాలి. ఏ వాక్యం నోరు తిరగదో, ఏ పేజీ దగ్గర పిల్ల అటు తిరిగి పడుకుంటుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె విసుగు కూడా సాహిత్య విమర్శే. దాన్ని వినే చోటు మనకు లేకపోవడమే లోటు.

చందమామనే తీసుకుందాం. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రికను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు చూసుకున్నారు. ఎవరు పంపిన కథనైనా తన వాక్యంలోకి తెచ్చుకుని తిరగరాసేవారు. అందుకే ఆ కథలు పైకి చదవడానికి అంత హాయిగా ఉంటాయి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాక్యమే చెబుతుంది. బేతాళ కథ చదువుతూ, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బేతాళుడు బెదిరించే చోట ఆగి చూడండి. పిల్ల లేచి కూర్చుంటుంది. తన జవాబు తాను చెబుతుంది. అది విక్రమార్కుడి జవాబుతో కలవకపోతే రాజుదే తప్పంటుంది. నిద్రపుచ్చడానికి తీసిన పుస్తకం ఇల్లంతా మేల్కొలుపుతుంది. పిల్లల్ని ఇంతగా నమ్మి రాసిన పుటలు తెలుగులో తక్కువ.

అయినా అదే తరహా కథల్లో మేం చదవకుండా దాటేసే చోట్లున్నాయి. సాహసం చేసినవాడికి రాజు అర్ధరాజ్యంతో పాటు కూతుర్నీ ఇచ్చేస్తాడు. ఆమెను ఎవరూ ఒక మాట అడగరు. సవతితల్లి పుట్టుకతోనే చెడ్డది. నల్లగా ఉన్నవాడు రాక్షసుడో దొంగో అయి ఉంటాడు. అడవిలోకి అడుగుపెడితే చాలు, నరబలికి సిద్ధమైన ఆటవికులు ఈటెలతో చుట్టుముడతారు. ఈ చివరి ఘట్టాన్ని ఉట్నూరు దగ్గర ఒక గోండు తండ్రి తన కొడుకుకు చదివి వినిపిస్తున్నాడనుకోండి. ఆ పుట దగ్గర అతను ఏం చేయాలి? చందమామను ప్రేమించే మనలాంటివాళ్లం ఈ ప్రశ్న దగ్గర ఆగాల్సిందే. ప్రేమించాం కాబట్టే ఆగాలి.

ఆదిలాబాద్ అడవుల్లో కథలకు ఎన్నడూ కరువు లేదు. పర్ధాన్లు కికిరి వాయిస్తూ గోండుల వీరగాథలు పాడే ప్రాంతమది. 1943లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు తయారయ్యాయి. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో బడి చదువు మొదలుపెట్టినప్పుడు వాటిలో గోండి, కొలామీ కూడా ఉన్నాయి. నార్నూరు మండలం గుంజాలలో వెలుగు చూసిన గోండి లిపి 2018లో యూనికోడ్‌కెక్కింది. ఇదంతా గొప్ప పని. అయితే ఆ భాషల్లో వచ్చిన పుస్తకాల్లో ఎక్కువ భాగం బడి కోసం పుట్టినవి. అక్షరం నేర్పేవి, పాఠం చెప్పేవి. పక్కన పడుకోబెట్టుకుని ఊరికే, సరదాకి చదివే పుస్తకం ఆ పిల్లలకూ కావాలి. అది వస్తేనే ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అనే మాటకు అక్కడ చోటు దొరుకుతుంది.

తల్లిదండ్రులు మొహమాటం వదిలితే ముందు బయటపడేది నీతికథల పుస్తకాల సంగతేనని మా నమ్మకం. బస్టాండుల్లో, జాతరల్లో, బడి పక్క దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా అవే. కథ ఒక పేజీ, బొమ్మ ఒకటి, కింద పెద్ద అక్షరాల్లో ‘నీతి’. ఆ పంక్తి రాగానే కథ చచ్చిపోతుంది. నీతి చెప్పడం తప్పని మేం అనడం లేదు. మన పాత కరీంనగర్ జిల్లావాడే అయిన ధర్మపురి శేషప్ప నరసింహ శతకాన్ని తరతరాల పిల్లలు కంఠతా పట్టారు. అందులో నీతి కొల్లలుగా ఉంది. కానీ అది ఒక మనిషి గొంతు. దేవుణ్ని నిలదీస్తాడు, దెప్పుతాడు, అలుగుతాడు, వేడుకుంటాడు. అర్థం పూర్తిగా తెలియని వయసులో కూడా ఆ సీస పద్యాల నడక పిల్లల నోటికి పట్టింది అందుకే. గొంతు లేని నీతి పిల్లలకు అక్కర్లేదు.

ఇంకొక విషయం ఉంది, ఇది మా ప్రాంతానికి ప్రత్యేకం. జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లల్లో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. తల్లి బీడీల చాట ముందేసుకుని కూర్చుంటుంది. తునికాకు కత్తిరించాలి, తంబాకు నింపి చుట్టాలి, దారం కట్టాలి, సాయంత్రానికి కట్టలు లెక్క తేలాలి. ఆ చేతుల్లోకి పుస్తకం ఎప్పుడు వస్తుంది? అక్కడ చదివేది పిల్ల, వినేది తల్లి. బడి నుంచి తెచ్చిన పుస్తకం పిల్ల కూడబలుక్కుని చదువుతుంటే ఆమె తల ఎత్తకుండానే, “గిదేం కథ బిడ్డా, ఇండ్లల్ల గిట్ల మాట్లాడుతరా?” అంటుంది. అక్షరం రాని ఆ తల్లి అన్న మాటలో ఒక సమీక్ష మొత్తం ఉంది. అదే తల్లి మరో కథకు కత్తెర పక్కనపెట్టి, తర్వాత ఏమైందని అడిగితే ఆ రచయిత గెలిచినట్టే.

అలాంటి ఇళ్లు కనిపించే పుస్తకాలు రాకపోలేదు. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన పిల్లల పుస్తకాల్లో దళిత, ముస్లిం ఇళ్ల పిల్లలు తమ వంటింటితో, తమ వీధితో సహా వచ్చారు. ఖదీర్‌బాబు రాసిన ఒక కథైతే ఇంట్లో తలకాయ కూర వండే హడావుడి చుట్టూ తిరుగుతుంది. మాకది ఎంతో ఇష్టం. పిల్లల పుస్తకంలో ఇదేమిటని ముఖం చిట్లించేవాళ్లుంటే వాళ్లూ ఆ మాట పైకి అనాలి. అంటేనే కదా మాట్లాడుకోగలం. ఇక రాసేవాళ్లంటారా, మనకు కొదవ లేదు. మెట్‌పల్లి దగ్గరి చౌలమద్దికి చెందిన వాసాల నర్సయ్యకు 2017లో, సిరిసిల్లకు చెందిన పత్తిపాక మోహన్‌కు ‘బాలల తాతా బాపూజీ’కి గాను 2022లో కేంద్ర సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారాలు వచ్చాయి. పాత కరీంనగర్ జిల్లాకు ఆరేళ్లలో రెండు. కానీ మన ఊళ్ల పుస్తకాల దుకాణాల్లో గైడ్లదీ, పోటీ పరీక్షల పుస్తకాలదే రాజ్యం. అభినందన సభలకు వెళ్లిన మనలో ఎంతమందిమి ఆ పుస్తకాలు కొని ఇంట్లో పిల్లల ముందు పెట్టాం?

వచ్చే సంచిక నుంచి రెండు పుటలు తల్లిదండ్రులకు కేటాయిస్తున్నాం. మీ పిల్లలు మళ్లీ మళ్లీ చదవమన్న పుస్తకం ఒకటి, సగంలో మూసేసిన పుస్తకం ఒకటి రాసి పంపండి. ఎక్కడ మూసేశారో పేజీ నంబరుతో సహా చెప్పండి. రచయిత ఎంత పెద్దవారైనా, మాకు ఎంత దగ్గరివారైనా అచ్చు వేస్తాం. రాయడం రానివాళ్లు చెబుతుంటే పిల్లలు రాయవచ్చు, అక్షర దోషాలు దిద్దకుండా పంపండి. గోండి, కొలామీ, లంబాడీ, ఉర్దూ మాట్లాడే ఇళ్లవాళ్లు మీ ఇంటి భాషలోనే తెలుగు లిపిలో రాసినా సరే, ఆ భాష తెలిసిన టీచర్లతో చదివించుకుంటాం.