తుపాకీ సేకరణలో రూపవాదం

వస్తువును వదలి శిల్పాన్ని మాత్రమే ఆరాధించే ధోరణిని సాహిత్యంలో మనం ఏనాటినుంచో విమర్శిస్తూ వున్నాం. కాని యీ రూపవాదం కవిత్వానికే పరిమితం కాదు. అమెరికాలో పాత సైనిక రైఫిళ్ళను సేకరించేవారిలో అది మరింత నగ్నంగా కనిపిస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక వివిధ సైన్యాల మిగులు తుపాకులు అమెరికా బజారులో చవుకగా వచ్చిపడ్డాయి. కొన్నవారు రెండు తెగలయ్యారు. ఒక తెగవారు సైనికుడి రైఫిలు కర్రను కోసి, గొట్టాన్ని కురచచేసి, టెలిస్కోపు బిగించి, సొగసైన వేటతుపాకీగా మలచుకున్నారు. రెండవ తెగవారు భక్తులు. ఒక్క మర కూడా మార్చరాదంటారు. గొట్టంమీది సంఖ్య, బోల్టుమీది సంఖ్య ఒకటే అయితే ధర పెరుగుతుంది, కాకుంటే తరుగుతుంది. మొదటివారు చరిత్రను పాడుచేశారని వీరి ఫిర్యాదు. నిజానికి యిద్దరూ చూసేది యినుమునూ, కర్రనూ మాత్రమే.

జర్మన్ సైన్యం వాడిన మౌజర్ రైఫిళ్ళు కొన్నిటిమీద ‘బి.సి.డి.’ అనే మూడక్షరాలుంటాయి. సేకర్త ఆ ముద్రను భూతద్దంలో చూసి, అది వైమార్‌లోని గుస్ట్‌లోఫ్ కంపెనీ గుర్తు అని గర్వంగా చెబుతాడు. ఆ కంపెనీ బుఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం పక్కనే కర్మాగారం పెట్టి, వేలాది ఖైదీలచేత ఆయుధాల పని చేయించింది. 1944 ఆగస్టు 24న అమెరికన్ విమానాలు ఆ కర్మాగారంమీద బాంబులు వేసినప్పుడు వందలాది ఖైదీలు మరణించారు. మిగిలినవారు రహస్యంగా ఆయుధాలు దాచి, 1945 ఏప్రిల్ 11న అమెరికన్ సేనలు సమీపిస్తున్న వేళ శిబిరాన్ని తమ వశం చేసుకున్నారు. సేకర్త జాబితాలో సంఖ్య వుంది, సంవత్సరం వుంది, మెరుగు వుంది, మనిషి లేడు.

మనకు ఎరుకైన 303 సంగతి చూడండి. బెంగాలులోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళు కూడా యీనాడు అమెరికన్ సేకర్తల బీరువాల్లో వున్నాయి. బోల్టు ఎంత మెత్తగా కదులుతుందో వారు పరవశించి వర్ణిస్తారు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో డయ్యర్ పేల్పించిన 1,650 గుళ్ళు 303 గుళ్ళే. చనిపోయినవారు సర్కారు లెక్కప్రకారమే 379 మంది. ఆనాడు కూడా బోల్టు మెత్తగానే కదిలింది!

“మేము లేకుంటే యివన్నీ కొలిమిలో కరిగిపోయేవి, మేమే చరిత్రను కాపాడాం” అని వారి వాదన. యిందులో కొంత నిజం లేకపోలేదు. ముద్రలనూ, సంఖ్యలనూ ఓపికగా పోల్చి నమోదుచేసినవారిలో సేకర్తలు వున్నారు. కాని సాక్ష్యాన్ని కాపాడటం వేరు, సాక్ష్యం నోరు నొక్కి అలంకరించటం వేరు.

పైగా యీ సాక్ష్యం చచ్చిన వస్తువు కాదు. 1963లో కెన్నెడీని చంపింది ఇటలీ సైన్యపు పాత కార్కానో రైఫిలు. టెలిస్కోపుతో సహా 19 డాలర్ల 95 సెంట్ల ధరకు టపాలో తెప్పించుకున్నది. 1968 చట్టం అటువంటి టపా బేరాన్నీ, సైనిక మిగులు తుపాకుల దిగుమతినీ అరికట్టింది. 1984లో సేకర్తలకోసం దిగుమతి తలుపు మళ్ళీ తెరిచారు. యాభై యేళ్ళు దాటిన తుపాకీని అక్కడి నిబంధనలు వింతవస్తువుల తరగతిలో చేరుస్తాయి. తుపాకీ వింతవస్తువు కావచ్చు గాక, దానిలోంచి వెలువడే గుండు వింతవస్తువు అవుతుందా?

మ్యూజియంలోగాని, పుస్తకంలోగాని పాత తుపాకీ ఎదురైనప్పుడు ఉపాధ్యాయులు, విద్యార్థులు అడగవలసిన ప్రశ్నలు మూడు. దీన్ని ఎవరిచేత చేయించారు? ఎవరి చేతికి యిచ్చారు? ఎవరిమీద పేల్పించారు? యీ మూడింటికీ జవాబు లేని జాబితా చరిత్ర కాదు, ధరల పట్టిక.