ముందు కట్ట ఇప్పించండి

పొన్నై నుంచి వేలూరు కోర్టుకొచ్చే మన తెలుగు రైతుకు వకాల్తా మీద సంతకం పెట్టాక మిగిలేది వకీలు ఫోన్ నంబరొక్కటే. ప్రోనోటు, పట్టా, రశీదులు అన్నీ ఆయన బీరువాలోకి పోతాయి. పట్టించుకోని వకీలుకు ఎంత శిక్ష వెయ్యాలన్నదే అందరి చర్చ, నా దిగులంతా ఆ కాగితాల కట్ట గురించే. 1978లో సుప్రీంకోర్టు తేల్చిన రంగదొరై కేసు తమిళనాడుదే. చెవుడున్న డెబ్బయ్యేళ్ల ముసలాయన, ఆయన భార్య 15,000, 5,000 రూపాయల ప్రోనోట్లు రెండిచ్చి దావా వెయ్యమంటే, వకీలు రంగదొరై వెయ్యకుండానే వేశానని నమ్మించాడు. రాష్ట్ర బార్ కౌన్సిల్ ఆరేళ్లు ప్రాక్టీసు ఆపమంటే, అఖిల భారత కౌన్సిల్ ఏడాదికి తగ్గించింది. ప్రోనోటుకు మాత్రం మూడేళ్లకే కాలదోషం పడుతుంది, దానికి అప్పీలు లేదు! బార్ కౌన్సిల్‌కిచ్చిన ఫిర్యాదు ఏడాదిలో తేల్చాలని అడ్వొకేట్ల చట్టం చెబుతున్నా, నోటీసుకు జవాబివ్వని వకీలు ఆ ఏడాదినీ మింగేస్తాడు. వకీళ్ల మీద ఫిర్యాదుకు వినియోగదారుల కోర్టు తలుపు కూడా సుప్రీంకోర్టు తీర్పుతో 2024లోనే మూసుకుంది. ఫీజు బాకీ ఉన్నా కాగితాలు పట్టి ఉంచుకోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది కదా. చెన్నైలోని బార్ కౌన్సిల్ పెద్దలారా, మొదటి నోటీసులోనే కట్ట తిరిగివ్వడానికి గడువు పెట్టండి. జవాబివ్వకపోవడాన్ని విడిగా ఒక తప్పుగా రాయండి. శిక్ష సంగతి తర్వాత చూడొచ్చు.