కొండ జబ్బును చలి అనుకోవద్దు

వేసవిలో మన విశాఖ పల్లెల నుంచి కేదారనాథ్‌కు యాత్రలు బయలుదేరుతాయి. కంబళ్ళు, స్వెట్టర్లు, మంకీ టోపీలు సర్దుకుంటారు. గాలి సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

సముద్రం ఒడ్డున పెరిగిన మనకు అరకు లోయే పెద్ద ఎత్తు. అది సుమారు 900 మీటర్లు. కేదారనాథ్ 3,583 మీటర్లు. అక్కడ గాలి పలచన. ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మన తీరంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. 2,500 మీటర్లు దాటితే కొన్ని గంటల్లోనే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలు కావచ్చు. దీన్ని చలి అనో, ఉపవాసపు నీరసమనో సరిపెట్టి రోగిని ఇంకా పైకే నడిపిస్తారు. కండగల కుర్రవాడికి రాదనుకోవడమూ పొరపాటే. లేహ్ చేరిన సైనికులకే అలవాటు పడేందుకు తొలి ఆరు రోజులు కేటాయిస్తారు. మన రైతులకు ఒక్క రోజు విడిది ఇవ్వడానికి చాలామంది నిర్వాహకులకు మనసొప్పదు! హెలికాప్టరులో వెళ్ళి రాత్రి అక్కడే ఉండేవారికి కాళ్ళ శ్రమ తప్పుతుందే గాని ఈ ముప్పు తప్పదు.

దిగువన గౌరీకుండ్‌లో రెండు రాత్రులు ఆగే ఖర్చు ముందే యాత్ర రుసుములో కలపాలి. ముందుగా వేసుకునే మాత్ర ఉంది, డాక్టరును అడగాలి. తలనొప్పి, వికారం ఉన్నవారు పైకి కదలరాదు. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లవారేదాకా చూడక వెంటనే కిందికి దించాలి. అలా తోడుగా దిగేదెవరో డబ్బు కట్టేముందే గ్రామస్థులు నిర్వాహకుణ్ణి నిలదీసి తేల్చుకోవాలి.