తేనెతుట్టెకు నిప్పు పెట్టవలెనా?

కరీంనగర్ పాత వీధులలోని పెంకుటిళ్ళ గోడలలోను, కొత్తగా లేచిన మేడల అంచులకిందను తేనెటీగలు తుట్టెలు పెట్టడం వింత కాదు. తుట్టెను చూచిన ఇంటివారికి కలిగే భయమూ నిరాధారమైనది కాదు. ఒక ఈగ కుట్టినచోట వెలువడే వాసన తక్కిన ఈగలను దాడికి పురికొల్పుతుంది. పెక్కు ఈగలు ఒక్కసారిగా కుడితే పసివారికి, వృద్ధులకు ప్రాణాపాయం కలుగవచ్చు. అయితే ఆ భయంతో అర్ధరాత్రి కాగడా వెలిగించి తుట్టెను కాల్చివేయడం వలన అపాయం తగ్గుతున్నదా? తగ్గడం లేదనే నా అభిప్రాయం. కాలినవి కాలగా, చెదరిన ఈగలు మరునాడు ఆ పరిసరాలలోనే తిరుగుతూ, ఏ పాపమూ ఎరుగని బాటసారిని కుడతాయి.

మొదట తెలుసుకోవలసినది ఆ ఈగ ఏ జాతిదన్నది. మేడ అంచునో, నీళ్ళ ట్యాంకు అడుగునో చాటను మించిన వెడల్పుతో ఒకే తుట్టె బహిరంగంగా వేలాడుతుంటే అది కొండ తేనెటీగ. ఇది వలసజీవి. పూలు తరిగిన కాలాన తనంతట తానే తరలిపోతుంది. జనసంచారం లేని చోటైతే కొన్ని నెలలు ఓపికపట్టి, ఈగలు పోయిన పిమ్మట మైనం గీకివేయడం మేలు. గీకకుంటే మరుసటి ఏడు అక్కడికే రావచ్చు, గీకినా రావచ్చు! బడి గుమ్మం మీదనో, ఆసుపత్రి వరండాలోనో పెడితే మాత్రం వేచి ఉండుమని చెప్పలేను.

గోడ రంధ్రంలో పలకలవలె వరుసగా తుట్టెలు కట్టి, చీకటిలో కాపురముండేది పుట్ట తేనెటీగ. దీనిపై పురుగుమందు చల్లితే ఈగలు చస్తాయి గాని తేనె, మైనం గోడలోనే మిగులుతాయి. రెక్కలతో విసరి తుట్టెను చల్లబరచే ఈగలు లేనందున, మన వేసవి ఎండలకు మైనం మెత్తబడి తేనె గోడవెంట కారుతుంది. చీమలు చేరతాయి. ఇంతకన్న గోడను విప్పి, కొద్దిగా పొగపెట్టి, పిల్లపురుగులున్న పలకలను కోసి చెక్కచట్రాలకు దారంతో కట్టి పెట్టెలో అమర్చడం మంచిది. రాణి ఈగ పెట్టెలో చేరితే తక్కినవి దాని వెంటే వస్తాయి. చీకటిపడి ఈగలన్నీ లోపల చేరాక ద్వారం మూసి, పెట్టెను రెండు మూడు కిలోమీటర్ల అవతలికి తరలించాలి. దగ్గరలోనే ఉంచితే ఈగలు పాత గోడకే తిరిగివస్తాయి. ఆ పెట్టె పొద్దుతిరుగుడు చేనికో, బీర, సొర పాదుల చెంతకో చేరితే రైతుకు లాభమే; ఆ పంటల కాపు పరాగసంపర్కం మీదనే ఆధారపడి ఉంటుంది.

2016లో నాలుగు జిల్లాలుగా విడిపోయిన పూర్వపు ఆదిలాబాద్ అడవులలో గోండులు, కోలాములు తరతరాలుగా తేనె సేకరిస్తున్నారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల వద్ద తేనె కొంటూ వచ్చింది. కొండ తేనెటీగల తుట్టెలో తేనె పైభాగానే ఉంటుంది. అంతమేరకే కోసి, పిల్లపురుగులున్న భాగాన్ని విడిచిపెడితే ఈగలు మళ్ళీ తేనె నింపుతాయి. అడవిలో రేపటికీ తేనె కావాలి గనుక ఈ జాగ్రత్తకు విలువ ఉంది. పట్టణంలో పనివానికి ఆ రేపు లేదు. తేనే అతని కూలి; కనుక తుట్టెను తొందరగా కాల్చి, పిండుకొని పోతాడు. తప్పు అతనిది కాదు. ఈగలను బ్రతికించి తరలించేందుకు పట్టే శ్రమకు రొక్కంగా కూలి ఇస్తే అతడు నిప్పు పెట్టవలసిన అవసరమే ఉండదు. ఇంటి యజమానులు మాత్రం రూపాయి చేతిలో పెట్టకపోగా, పిండిన తేనెలో సీసాడు తమకూ కావాలంటున్నారు.