విశ్వాసమునకు కొలబద్ద పెండ్లిమాటలే

మన తెలుగు క్రైస్తవ యువజనులను గూర్చి మాటాడునపుడు పెద్దలు సాధారణముగా రెండు గుణములను మెచ్చుకొందురు. ఆదివారము తప్పక దేవాలయమునకు వచ్చుచున్నారనియు, చెడు సహవాసములకు పోవుట లేదనియు చెప్పి సంతోషింతురు. ఈ రెండును మంచివే. అయినను వీనిలో దేనికిని యువకునికి పెద్ద వ్యయము లేదు. వ్యయము లేని సద్గుణము గట్టిదో కాదో తెలిసికొను ఉపాయమును లేదు. ముంబయి మొదలు బరంపురము వరకు, కోలారు గనుల మొదలు యానాము వరకు స్థిరపడిన మన కుటుంబములలో యువకుని విశ్వాసము నిజముగా పరీక్షకు వచ్చు దినమొకటి కలదు. అది పెండ్లిమాటలు జరుగు దినము. నాడు రెండు ప్రశ్నలు పుట్టును: కట్నమెంత? కులమేమి? ఆ ప్రశ్నలకు అతడు చెప్పు సమాధానమే అతని క్రైస్తవత్వమునకు కొలబద్ద యని నా అభిప్రాయము.

అపొస్తలుడైన పౌలు యువకుడైన తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో ఐదు విషయములందు ఇతరులకు మాదిరిగా నుండవలెనని బోధించెను. ఆ ఐదింటి వరుసను మన యువజనులు గమనింపవలెను. మాట మొదటిది; నడవడి రెండవది; ప్రేమ మూడవది. విశ్వాసము నాలుగవదిగా వచ్చును. విశ్వాసము తక్కువదని దీని భావము కాదు. చూచువారికి ముందుగా కనబడునది మాటయు నడవడియు గనుక, వానిని బట్టియే లోని విశ్వాసమును లోకము గ్రహించునని నేను అర్థము చేసికొనుచున్నాను. దేవాలయములో గాయక బృందమున నిలిచి కీర్తన పాడిన యువకుడే సాయంకాలము మామగారి యింట మౌనముగా కూర్చుండి, తన తరఫున తండ్రి బేరమాడుచుండగా వినుచున్నచో, ఆ మౌనము కూడ నడవడియే యగును.

తెలుగునాట క్రైస్తవ మతము వ్యాపించిన చరిత్రలో ఈ విషయమునకు సంబంధించిన ఒక ఘట్టము కలదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మహాక్షామము పీడించెను. ఒంగోలులో పనిచేయుచుండిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకములో సుమారు మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మము కోరి వచ్చినవారు అనేకులు. కాని కూటి కొరకు ఎవరును మతములో చేరరాదను తలంపుతో, ఏడాదికి పైగా, క్షామసహాయము ముగియువరకు, ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. సహాయము నిలిచిపోయిన తరువాత కూడ ప్రజలు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నేడు చెన్నపట్టణములో మురుగునీటితో నిండియున్న బకింగుహాము కాలువను దాటి పనులకు పోవు మన తెలుగు యువకులలో ఈ వృత్తాంత మెరిగినవారు ఎందరుందురు?

గింజలకొరకు విశ్వాసమును అమ్ముకొనరాదని నాడు ఆకలితోనున్న నిరుపేదలకు నియమము విధింపబడెను. వారు దానికి నిలిచిరి. వారి మునిమనుమలు చదువుకొని, ఉద్యోగములు సంపాదించి, కడుపునిండ భుజించుచు, అదే విశ్వాసము పేర జరుగు వివాహములో లక్షల రూపాయలకు చేయిచాచుట ఎంత విపరీతము! ఆకలి వేళ నిలిచిన నియమము సంపద వేళ ఎందుకు నిలువలేదను ప్రశ్నను మనలను మనము వేసికొనవలెను.

ఒడిశాలోని మన వారికి మరియొక నిదర్శనము దగ్గరలోనే కలదు. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు వంగదేశము నుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబమునకు చెందినవారు. మనవలెనే పూర్వుల ప్రాంతమును విడిచి వచ్చిన వంశము వారిది. క్రైస్తవ విశ్వాసమును స్వీకరించినందువలన వారు స్వజనుల ఆదరమునకు దూరమైరి. అయినను 1890లో కన్నుమూయునప్పటికి తెలుగు క్రైస్తవులు ఇప్పటికిని పాడుకొను కీర్తనలను విడిచిపోయిరి. విశ్వాసము కొరకు వారు మూల్యము చెల్లించిరి. వారి కీర్తనలు పాడుచు, విశ్వాసులమైన కారణముగా మూల్యము పుచ్చుకొనుట మనకు తగునా?

దూరదేశములలో స్థిరపడిన మనకు ఈ కీడు మరింత బరువైనది. మన పట్టణములలో తెలుగు క్రైస్తవ కుటుంబములు కొద్దిగా నుండును. పిల్లకు వరుని వెదకుటకు తండ్రి గుంటూరు, ఒంగోలు, కాకినాడ వైపు పోవలసివచ్చును. అచ్చటి బంధువర్గము మనకు అలవాటు తప్పినది. బేరములో మనది ఎప్పుడును క్రింది చేయియే. కోలారు బంగారు గనులు 2001లో మూతపడిన తరువాత అచ్చటి కార్మిక కుటుంబములలో పెక్కింటికి బెంగుళూరునకు రైలులో పోయివచ్చి చేయు చిరుద్యోగములే ఆధారమైనవి. అట్టి యింటి ఆడపిల్లను చూడవచ్చి, గని మూతపడినపుడు తండ్రి చేతికి వచ్చిన పైకము ఎంత మిగిలినదని అడుగువాడు క్రైస్తవుడని చెప్పుకొనుటకు ఏమి అధికారము కలవాడు?

ఇందుకు యువకులు చెప్పు సమాధానములు మూడు. తల్లిదండ్రుల మాట కాదనరాదని మొదటిది. తల్లిదండ్రులను సన్మానింపవలెనను ఆజ్ఞ నిజమే. కాని ఒకరి తల్లిదండ్రులను సన్మానించుటకు మరియొకరి తల్లిదండ్రులను అప్పుల పాలు చేయుమని ఆ ఆజ్ఞ చెప్పుట లేదు. మేము అడుగలేదు, వారే ఇచ్చిరని రెండవది. అట్లయినచో ఇచ్చినది పిల్ల పేరనే యుండవలెను. లాంఛనములని, ఆడబిడ్డ కట్నమని పేర్లు మార్చి పుచ్చుకొనరాదు. చెల్లెలి పెండ్లికి మేమును ఇయ్యవలసియున్నది గదా యని మూడవది. దీనిలో బాధ కలదని నేను ఒప్పుకొందును. అన్న కట్నము విడిచిపెట్టినచో చెల్లెలికి వరుడు దొరకుట కష్టమగు నిండ్లు కలవు. కాని ఈ గొలుసు ఎచ్చటనో ఒకచోట తెగవలెను. దానిని త్రెంపవలసినవాడు పుచ్చుకొను స్థానములో నున్నవాడే గాని, ఇయ్యలేక అలమటించువాడు కాడు. ఆ నష్టమును ఒక కుటుంబమే భరింపకుండ, ఒక క్రైస్తవ సంఘములోని యువకులందరు కూడి ఒక్కమాటపై నిలిచినచో బరువు పంచుకొన్నట్లగును.

శాసనము సంగతియు తెలిసికొనదగియున్నది. ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టము చేసెను. 1961లో పార్లమెంటు చట్టము చేయగా అది రద్దయినది. ఈ చట్టము అన్ని మతముల వారికిని వర్తించును. అడుగుటయు, ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు నేరములే. 1986లో జరిగిన సవరణ తరువాత పుచ్చుకొన్నవానికి సాధారణముగా ఐదేండ్లకు తక్కువ కాని కారాగార శిక్ష విధింపవచ్చును. అడుగకయే ఇచ్చిన కానుకలకు జాబితా వ్రాయవలెను. వేరొకరి చేతికి వచ్చిన కట్నమును మూడు నెలలలోగా వధువునకు అప్పగింపవలెను. శాసనమునకు వెరచి మానువాడు మంచి పౌరుడు. శాసనము లేకున్నను మానువాడే క్రైస్తవుడు.

రెండవ ప్రశ్న కులమును గూర్చినది. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలు పొందువారు పెండ్లిమాట వచ్చునప్పటికి మాల, మాదిగ, కమ్మ, రెడ్డి యని వేరుపడుచున్నారు. మహాకవి గుఱ్ఱం జాషువ 1895లో వినుకొండలో జన్మించెను. ఆయన తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. కులాంతర వివాహమున పుట్టి, కులము వలన అవమానములు పొంది, ఆయన 1941లో గబ్బిలము వ్రాసెను. క్రీస్తు చరిత్ర కావ్యమునకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము పొందెను. ఆయన చిత్తరువును మన సభలలో పెట్టి పూలదండ వేయుచున్నాము. ఆయన తల్లిదండ్రులు చేసికొన్నట్టి వివాహమును మన యింటి కుమారుడు చేసికొనదలచినచో దండ వేసిన చేతులతోనే తలుపు మూయుచున్నాము. ఈ విషయములో యువజనులకంటె పెద్దలమే ఎక్కువగా నిందింపదగినవారము.

ఏమి చేయవలెను? నా సూచనలు కొలదివే. వివాహమునకు ముందు దేవాలయములో ప్రకటన చదువుట మన సంఘములలో పెక్కింట నుండు ఆచారమే. ఆ ప్రకటనతో పాటు, కట్నము అడుగలేదనియు పుచ్చుకొనలేదనియు వరుడు సభ యెదుట తన నోటితో చెప్పు ఏర్పాటు చేయవచ్చును. ఎవరైన ఆక్షేపింపదలచినచో నాడే ఆక్షేపింపవచ్చును. సంఘకాపరులు ఈ మాట అడుగుటకు సంకోచింపరాదు. చందా పుస్తకములో పెద్ద మొత్తము వ్రాయు కుటుంబమును అడుగుటకు మొదలే సంకోచింపరాదు. యువతులకును ఇందు భాగము కలదు. చదువుకొని, సంపాదించుకొనుచున్న యువతి, బేరమాడు వరుని తాను నిరాకరింతునని ఇంటిలో ముందుగానే చెప్పవలెను. అట్టి కుమార్తె వెనుక తల్లిదండ్రులు నిలువవలెను.

ఇది క్రైస్తవుల ఇంటి మాట గదా, తెలుగు సంఘపు పత్రికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. కట్నమునకు మతము లేదు. మన తెలుగు కుటుంబములలో హిందువుల యిండ్లలోను, ముస్లిముల యిండ్లలోను ఇదే దుఃఖము కలదు. పైగా కన్నడుల నడుమ, తమిళుల నడుమ, ఒడియా, మరాఠీ వారి నడుమ జీవించు మనలను ఇరుగుపొరుగువారు మన భాషను బట్టి గాక మన నడవడిని బట్టియే ఎరుగుదురు. ఒక వీథిలోని తెలుగు యువకుడు రిక్తహస్తములతో వధువును ఇంటికి తెచ్చుకొన్నాడని ఆ వీథివారు చెప్పుకొన్నచో, అది వంద సభలకంటె మన జాతికి గౌరవము. అట్టి యువకులు పది మంది ఒక పట్టణములో ఉన్నచో వారి విశ్వాసమును గూర్చి వేరుగ ఉపన్యాసము చేయ నక్కరలేదు.