కాకి రాకపోయినా కెమెరా ఆపకండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పేర్లు చెప్పుకొని వచ్చే 'ప్రయోగాత్మక' షార్ట్ ఫిల్ములతో నాకు పేచీ ఉంది. జ్ఞాపకం, అస్తిత్వం, విశ్వాసం, కోల్పోవడం... సినాప్సిస్‌లో ఈ నాలుగు మాటలూ తప్పకుండా ఉంటాయి. తెర మీద మాత్రం పాడుబడ్డ గడి, నలుపు తెలుపు వాన, ఎటో చూస్తూ కూచున్న ముసలామె, వెనకాల ఏ ఊరి యాసా లేని ఒక గొంతు. ఆమె ఎవరిని పోగొట్టుకుందో, ఎక్కడ పోగొట్టుకుందో చెప్పరు. చెబితే ప్రయోగం చెడిపోతుందట. ఆమెకి ఒక పేరు, ఒక పని, ఒక అప్పు ఇవ్వడానికి బద్ధకించి, ఆ బద్ధకానికి 'అమూర్తం' అని పేరు పెట్టుకుంటే ఎట్లా?

ఈ ఊళ్లల్లో దుఃఖానికి కాగితాలుంటాయి. దుబాయిలోనో రియాద్‌లోనో మనిషి చనిపోతాడు. కబురు ఫోన్లో నిమిషాల్లో వస్తుంది. శవం రావాలంటే అక్కడి డెత్ సర్టిఫికెట్ కావాలె, కంపెనీ సంతకం కావాలె, ఎంబసీ ఎన్‌వోసీ కావాలె. ఒక్కోసారి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. శంషాబాద్‌లో పెట్టె దిగి అంబులెన్సులో ఊరు చేరేదాకా ఇంట్లోవాళ్లు ఏం చెయ్యాలె? మూడో దినం, పదకొండో దినం ఎప్పట్నుంచి లెక్కపెట్టాలె? పోయిన రోజు నుంచా, పెట్టె వచ్చిన రోజు నుంచా? ఆ ఎదురుచూపుల్లో కూడా తునికాకు నానబెట్టాలె, కత్తిరించాలె, బీడీలు చుట్టాలె, కట్టలు కట్టి అప్పజెప్పాలె. కాలం గురించి ఇంతకన్నా కష్టమైన ప్రశ్నని ఏ ఫిల్మ్ స్కూలూ ఇవ్వలేదు. దాన్ని పక్కనబెట్టి, ఆగిపోయిన గోడ గడియారం మీదికి కెమెరా జూమ్ చేస్తారు మనవాళ్లు!

అస్తిత్వం సంగతీ అంతే. దుబాయి జైల్లో దాదాపు 18 ఏళ్లు గడిపిన సిరిసిల్ల ప్రాంతం మనుషులు 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. అట్లాంటి తండ్రి వాకిట్లో నిలబడితే, తను వదిలి వెళ్లినప్పుడు పసిగుడ్డుగా ఉన్న బిడ్డ ఆయన్ని ఏమని పిలవాలె? పగిలిన అద్దంలో రెండు ముఖాలు చూపించి 'నేనెవరు?' అనే హీరోకి ఈ ప్రశ్న తట్టనే తట్టదు.

"సామాన్య ప్రేక్షకుడికి అర్థం కావాలంటే కళ చచ్చిపోతుంది" అని ఒక జవాబు వస్తుంది. నేను అర్థం కావాలని అడగడం లేదు. ఈ ప్రేక్షకుడు అమాయకుడనే మీ నమ్మకాన్ని మాత్రం ఒప్పుకోను. ఒగ్గు కథలో ఒకే మనిషి ఒక క్షణం రాజు, మరుక్షణం తల్లి, ఆ వెంటనే కథ చెప్పేవాడు. డోలు మీద ఒక్క దెబ్బతో ఏళ్లు దాటిపోతాయి. తెల్లవార్లూ దాన్ని విన్నవాళ్లకి మీ జంప్ కట్ కొత్తేమీ కాదు. బి. నర్సింగరావు 'దాసి' (1988)లో మాటలు తక్కువ, మౌనం ఎక్కువ. కానీ ఆ మౌనానికి ఒక దొర ఉన్నాడు, ఒక గడి ఉంది, ఆ గడిలో పొద్దున్నుంచి రాత్రిదాకా చాకిరీ ఉంది. క్రిస్ మార్కర్ 'లా జెటే' (1962) 28 నిమిషాల సినిమా. ఒక్క షాట్ తప్ప అంతా కదలని ఫొటోలే. అయినా అతను ఏ జ్ఞాపకం వెంట పరుగెడుతున్నాడో మనకి తెలుస్తూనే ఉంటుంది.

మనకి అంత దూరం పోవాల్సిన పని కూడా లేదు. అలిశెట్టి ప్రభాకర్ జగిత్యాల మనిషి. కవి, చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్. ఫొటో స్టూడియోలు పెట్టుకొని బతికి, 1993లో క్షయతో పోయాడు. కవితని నాలుగైదు పాదాలకి కుదించడం ఆయన చేసిన ప్రయోగం. కుదించే కొద్దీ మాట పదునెక్కింది గానీ మసకబారలేదు. షార్ట్ ఫిల్ములో 'షార్ట్' అనే మాటకి అర్థం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు గదా!

ఇక విశ్వాసం. దీపం, పొగ, స్లో మోషన్. వేములవాడ రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది. గుడికి కోడె మొక్కు చెల్లించినవాళ్లే అక్కడా దండం పెట్టుకొని పోతారు. మన ఊళ్లల్లో పీర్లని ఎత్తుకునేవాళ్లలో హిందువులూ ఉంటారు. ఇయ్యాల ఇది మామూలు విషయంగా చూపించడమే పెద్ద సాహసం. ఆ సాహసం చెయ్యకుండా పొగ వేస్తే ఏం లాభం?

'బలగం' (2023) మాటెత్తక తప్పదు. సిరిసిల్ల ప్రాంతం వాడైన వేణు యెల్దండి తీసిన ఆ సినిమాని ఊళ్లల్లో తెరలు కట్టుకొని చూశారు. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ పాట మొదలయ్యాక ఏడవనివాళ్లు తక్కువ. అయితే అది థియేటర్ సినిమా. కొట్లాడుకున్నవాళ్లు కలవాలె, కాకి వచ్చి పిండం ముట్టాలె. షార్ట్ ఫిల్ముకి ఆ ఒత్తిడి లేదు. టికెట్ అమ్మాల్సిన పని లేదు, ఇంటర్వెల్ లేదు. కాకి రాని ఇల్లు ఎట్లుంటదో, మరుసటి రోజు ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారో చూపించే స్వేచ్ఛ మీకే ఉంది. ఆ స్వేచ్ఛని వాన షాట్లకి ఖర్చుపెట్టడమే నా కోపం.

ఈ జిల్లాలో కెమెరా లేదని కూడా అనలేం. మల్యాల మండలం లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' వాళ్లు 2012 నుంచి తీస్తున్నారు. గంగవ్వ నవ్విస్తుంది కాబట్టి అది కళ కాదని తేల్చేస్తాం. కానీ ఆమె తన మాటతో, తన వాకిట్లో తనే కనిపిస్తుంది. మీ సినిమాలో ముసలామెకి ఒక్క మాటైనా ఎందుకు లేదు?

ఫెస్టివల్‌కి పంపే ముందు ఒక పని చెయ్యండి. కోరుట్లలో బీడీలు చుట్టే అమ్మలకి, సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్లకి మీ సినిమా చూపించండి. సాంచాల చప్పుడులో మీ డైలాగ్ వినబడకపోయినా ఫరవాలేదు. "ఇది ఎవరింటి ముచ్చట బిడ్డా?" అని ఒక్కరు అడిగితే, జవాబు మీ దగ్గర ఉండాలె.