గుండెకు పటం ఒక్కటే చాలదు

విద్యుత్ తీగల్లో లోపం ఏర్పడితే ముందు అది ఎక్కడున్నదో కనిపెట్టాలి, మరమ్మతు ఆ తరువాతి మాట. జంషెడ్‌పూర్ ఉక్కు కార్మికులకు ఇది కొత్త సంగతి కాదు. గుండె పై గదుల్లో విద్యుత్ ప్రసారం అస్తవ్యస్తమై లయ తప్పే ‘ఏట్రియల్ ఫిబ్రిలేషన్’ విషయంలో వైద్యశాస్త్రమూ ఇదే మార్గాన సాగుతున్నది.

ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే సిరల్లోనే ఈ అలజడి ఎక్కువగా మొదలవుతున్నదని 1998లో ఫ్రాన్సులోని బోర్డో వైద్యులు 45 మంది రోగులను పరిశీలించి తేల్చారు. సన్నని కాథెటర్లను గుండెలోకి పంపి, విద్యుత్ సంకేతాలను పటంగా గీసి, ఆ సిరల ముఖద్వారాల వద్ద కణజాలాన్ని కాల్చే చికిత్స నేడు స్థిరపడింది. అయితే వ్యాధి పాతుకుపోయిన 589 మందిపై జరిపిన ఒక పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. పటంలో అనుమానాస్పదంగా తోచిన ఇతర భాగాలను కూడా కాల్చినందువల్ల అదనపు మేలు కనిపించలేదు. పటం గీయడం వేరు, దాని అర్థం గ్రహించడం వేరు.

అంతకన్నా ముఖ్యం, రోగిని సకాలంలో గుర్తించడం. లయ తప్పిన గదిలో రక్తం నిలిచి గడ్డకట్టి, మెదడుకు చేరితే పక్షవాతం తప్పదు. ఈ వ్యాధిగ్రస్తులకు ఆ ముప్పు సుమారు 5 రెట్లు అధికం. చిన్ననాటి కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటాలు దెబ్బతిన్నవారు మన దేశంలో ఎందరో ఉన్నారు. ఇటువంటివారికి కొత్త మందు రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ తరగతి పాత మందులే మేలని 2022లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. కాని వాటిని వాడేవారికి తరచు రక్తపరీక్ష తప్పనిసరి.

తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడిన జంషెడ్‌పూర్‌లో 1908 నుంచి టాటా మెయిన్ ఆసుపత్రి ఉన్నది. చుట్టుపక్కల సింగ్‌భూమ్ పల్లెల పేదలకు ఆయుష్మాన్ భారత్ ఆధారం. 2018 సెప్టెంబరు 23న రాంచీలోనే ప్రారంభమైన ఆ పథకం ఆసుపత్రిలో చేరితే కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు భరిస్తుంది. ఇంటికి వెళ్లాక మందులు మాత్రం 15 రోజులకే. పక్షవాతాన్ని ఆపే మాత్రలైతే ఏళ్ల తరబడి వాడాలి. పక్షవాతం వచ్చాక లక్షలు వెచ్చించి, రాకముందు పరీక్షకు చేయి ముడుచుకోవడం పొదుపు అనిపించుకోదు.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెద్దవారి నాడి చూసి, అనుమానం కలిగితే ఇ.సి.జి. తీయాలి. వార్ఫరిన్, రక్తపరీక్ష ఉచితంగా అందాలి. గుండె లోపలి పటం అవసరమైన కొద్దిమందిని పెద్దాసుపత్రికి పంపవలసింది ఆ తరువాతే. పునాది లేకుండా పై అంతస్తు నిలవదని ప్రభుత్వాలు గ్రహించాలి.